ఆదర్శాంగుళి

పెచ్చెట్టి సూర్యచక్రం గారు నాలుగుసార్లు పార్లమెంటుకి గెలిచారు. ఆ నాలుగుసార్లూ కలిపి సభలో ఆయన పలికిన మాట ఒక్కటే. అది "అవును". దాన్ని కూడా ఆయన ఒంటరిగా పలకలేదు, చుట్టూ ఉన్న పార్టీవాళ్లందరితో గొంతు కలిపి పలికారు. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఎవరేం చెప్పినా "ఆయ్" అనడం ఆయనకి ఉగ్గుపాలతో అబ్బింది. ఎదటివాడు నోరు తెరవగానే ఒక ఆయ్, మధ్యలో ఊపిరి తీసుకుంటే ఒక ఆయ్, ముగించాక మరో ఆయ్. కొబ్బరికాయల వ్యాపారంలో ఈ గుణం వల్లే దివాలా తీశారు. రాజకీయాల్లో ఇదే గుణం వల్ల పైకొచ్చారు.

టిక్కెట్టు వచ్చిన వైనం కూడా చెప్పుకోదగ్గదే. జిల్లాలో పార్టీకి ఇద్దరు పెద్దలుండేవారు. ఒకరికిస్తే రెండోవారు పార్టీని ముంచుతానన్నారు. ఇద్దరూ ఒప్పుకునే మనిషెవరని అధిష్ఠానం వాకబు చేస్తే, ఇద్దరికీ ఆయ్ అన్న మనిషి ఈయనొక్కరే తేలారు. ఆయన దగ్గర పీయేగా ఉన్న భీమేశ్వర్రావు ఎన్నికల కరపత్రంలో దీన్ని "సర్వామోదం" అని రాశాడు. సూర్యచక్రం గారు మాత్రం తన మీద తనే నవ్వుకునేవారు. గంగిరెద్దుకైనా సన్నాయి వినబడేదాకా ఆగే మర్యాద ఉందనీ, తను సన్నాయివాడు ఇంట్లోంచి బయల్దేరక ముందే తల ఊపుతాననీ అనేవారు. అది నిజమేనండి అని భీమేశ్వర్రావు అంటే, దానికీ ఆయ్ అనేవారు.

ఇలా అంతా సాఫీగా సాగిపోతుండగా ఉల్లిపాయల గిడ్డంగుల బిల్లొకటి వచ్చింది.

సభలో ఓటు వెయ్యడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ప్రతి సభ్యుడి బల్ల మీదా మీటలుంటాయి. అవునంటే పచ్చది, కాదంటే ఎర్రది, ఎటూ కాదంటే పసుపుది. ఎడంచేత్తో ఓటు మీటా, కుడిచేత్తో రంగు మీటా కలిపి, గంట రెండోసారి మోగేదాకా నొక్కి పట్టుకోవాలి. ఆ రోజు పార్టీలో కొందరు కబుర్లలో పడి, బిల్లు మనదో వాళ్లదో చూసుకోకుండా ఎర్ర మీట నొక్కేశారు. బిల్లు నెగ్గింది గానీ పార్టీ పరువు పోయింది. టీవీలవాళ్లు ఆ ఎర్ర దీపాల్ని తిప్పి తిప్పి చూపించారు. అధిష్ఠానానికి చిర్రెత్తుకొచ్చింది. బాగా ఆలోచించి, తప్పు సభ్యులది కాదు, వాళ్ల వేళ్లది అని నిర్ధారణకి వచ్చి, ఆ వారంలోనే అంగుళీ క్రమశిక్షణ సంఘాన్ని నియమించింది.

సంఘానికి అధ్యక్షులు ఆచార్య పురుషోత్తం గారు. మన తెలుగాయనే, పెద్దల సభలో ఉంటారు. జన్మలో ఏ ఎన్నికలోనూ నిలబడలేదు కాబట్టి ప్రజాస్వామ్యం మీద ఆయనకి చాలా స్పష్టమైన అభిప్రాయాలున్నాయి. తొలి సమావేశంలోనే ఆయన విధానం ప్రకటించారు.

"వేలు వ్యక్తిగత అవయవమన్నది కాలం చెల్లిన భావన. ప్రమాణ స్వీకారం చేసిన క్షణం నుంచి సభ్యుని కుడిచేతి చూపుడువేలు సమష్టి అవయవం. దాని బాగోగుల బాధ్యత ఇకమీదట పార్టీ వహిస్తుంది. మిగతా తొమ్మిది వేళ్ల విషయంలో సభ్యునికి సంపూర్ణ స్వేచ్ఛ ఉంది."

ఆ స్వేచ్ఛకి సభ్యులంతా బల్లలు చరిచారు. సూర్యచక్రం గారు కూడా చరిచారు, సమష్టి వేలు తగలకుండా జాగ్రత్తపడుతూ.

పార్టీ ఆఫీసు వెనకాల రేకుల షెడ్డు వేసి, అందులో సభలోలాంటి బల్లలే చేయించి, మీటలు బిగించారు. పొద్దున్నే శిక్షణ. మాజీ మంత్రులూ, మాజీ ముఖ్యమంత్రులూ వరసగా కూర్చుని, గంట కొట్టగానే పచ్చ మీట నొక్కాలి. సరిగ్గా నొక్కినవాళ్లకి ఇడ్లీ. తడబడినవాళ్లకి రబ్బరు బంతి ఇచ్చి, అది పిసుకుతూ గోడవైపు తిరిగి నిలబడమనేవారు. నియమావళి కూడా అచ్చయింది. సమావేశాల కాలంలో ఆ వేలితో చెవి గోక్కోరాదు. పచ్చడి నంజుకోరాదు. ఇంట్లోవాళ్లని బెదిరించడానికి ఊపరాదు. నియోజకవర్గానికి వెళ్లినప్పుడు ఏ సమస్యనీ ఆ వేలితో చూపించరాదు. ఈ చివరి నియమం పాటించడం ఎవరికీ కష్టం కాలేదని సంఘం సంతృప్తి వెలిబుచ్చింది.

ఆ క్రమంలోనే సంఘం పాత ఓట్ల వివరాలన్నీ తిరగేసింది. ఎంత నమ్మకస్తుడికైనా ఏదో ఒక రోజున ఒక పసుపు, ఒక గైర్హాజరు ఉండనే ఉంది. సూర్యచక్రం గారికి మాత్రం మొదటి నుంచి చివరిదాకా పచ్చే. వరి చేను కూడా ఏడాది పొడుగునా అంత పచ్చగా ఉండదు. జ్వరంతో ఉన్న రోజున పచ్చ. ముందు రోజు నెగ్గించిన బిల్లుని మర్నాడు రద్దు చేసిన రోజున, రెండు రోజులూ పచ్చ. ఆచార్యుల వారు ఆ జాబితాని కళ్లకద్దుకున్నారట. ఆ వేలికి "ఆదర్శాంగుళి" అని బిరుదిచ్చారు.

సన్మానం ఘనంగా జరిగింది. వేలికి గంధం రాశారు. వేలి కొలతకి నేయించిన బుల్లి శాలువా కప్పారు. వేలి మీద ఎవరో మహాకవి పద్యం చదివాడు. సందడిలో వేలి వెనకాల ఉన్న మనిషికి కుర్చీ వెయ్యడం మర్చిపోయారు. సూర్యచక్రం గారు సన్మానం పూర్తయ్యేదాకా చెయ్యి చాపుకుని నిలబడే ఉన్నారు. చివర్లో ఒక శిల్పి వచ్చి, కొత్త సభ్యులు తాకి దణ్ణం పెట్టుకోవడానికి వీలుగా ఆ వేలికి అచ్చు తీసుకున్నాడు. గీతలూ, గోరూ, చిన్నప్పుడు కొబ్బరిపీచు వలుస్తుంటే తెగిన మచ్చా అన్నీ దిగిన అచ్చు. దాన్ని పార్టీ ఏ అవసరానికైనా వాడుకోవచ్చునని సంతకం పెట్టమన్నారు. ఆయన ఆయ్ అని పెట్టేశారు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయనకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లలో తన ఒంట్లో ఏదో ఒకటి పనికొచ్చిందని ఎవరైనా అనడం అదే మొదలు.

ఆ మురిపెం తీరకముందే రేవుల బిల్లు వచ్చి పడింది.

దాని పూర్తి పేరు "అంతర్గత రేవుల ఉనికి నిర్ధారణ బిల్లు". దేశంలో నదులు దాటించే రేవులెన్నో లెక్క తీయమని ఎవరో జలరవాణా శాఖనడిగారు. శాఖ ఫైళ్లు వెతికింది. రేవుల గురించి దొరికినవన్నీ ప్రమాదాల ఫైళ్లే. పడవ మునిగినచోట విచారణ జరుగుతుంది, ఫైలు పుడుతుంది. మునగనిచోట ఎవరూ ఏమీ రాయరు. కాబట్టి ఏ ప్రమాదమూ జరగని రేవులు అసలు లేవని శాఖ తేల్చింది. లేని రేవులు నడవడం చట్టవిరుద్ధం గనక వాటిని మూసెయ్యాలని బిల్లు తెచ్చింది. పాపం, న్యాయంగా ఉండాలని ఒక మినహాయింపు కూడా పెట్టారు. ప్రమాదం నమోదై ఉన్నచోట గానీ, ఆ ప్రాంతపు సభ్యుడి అసమ్మతి సభలో నమోదై ఉన్నచోట గానీ, రేవు ఉన్నట్టుగా భావించబడుతుంది. ఆ రెండోది ఎవరూ వాడుకోరన్న ధీమాతోనే పెట్టారని వేరే చెప్పక్కర్లేదు.

సూర్యచక్రం గారి అక్క మంగతాయారు ఉండేది కొమ్మరతిప్ప. చుట్టూ గోదావరి, మధ్యలో లంక. వంతెన లేదు. కట్టిస్తామని నాలుగు ఎన్నికల్లోనూ సూర్యచక్రం గారే మాటిచ్చారు. ఊరికి ఉన్న ఆధారమల్లా ఒక పంటు. రెండు పడవలు జోడించి, పైన చెక్కలు పరిచి, ఇంజను పెట్టిన పంటు. బడిపిల్లలూ, అరటిగెలలూ, మోటారు సైకిళ్లూ, పురిటి నొప్పులొచ్చిన ఆడవాళ్లూ దాని మీదే దాటాలి. దాన్ని నడిపే సరంగు పల్లయ్య వట్టి చాదస్తుడు. అందరూ కూర్చుంటే గానీ ఇంజను తిప్పడు, గాలి తిరిగితే మంత్రి వచ్చినా కదలడు. అతని పుణ్యమా అని ఆ రేవులో ఇంతవరకూ కోడిపిల్ల కూడా మునగలేదు. అలా ఆ రేవు రికార్డుల్లోకెక్కే అవకాశం పోగొట్టుకుంది.

ఓటింగుకి ముందు ఆయన ఊరొచ్చినప్పుడు మంగతాయారు రేవు దాటి వచ్చి, తమ్ముడి ఎదురుగా చాప మీద చతికిలబడింది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. వరదొచ్చిన ఏడు వాణ్ణి భుజాన కూర్చోబెట్టుకుని పీకల్లోతు నీళ్లలో నడిచింది కూడా ఆవిడే. కోడలు రాజ్యలక్ష్మికి నెలలు నిండుతున్నాయనీ, ఆసుపత్రి ఇవతలి ఒడ్డున ఉందనీ, పంటు ఆగిపోతే ఆ పిల్లని ఈత కొట్టించమంటావా అనీ అడిగింది. సూర్యచక్రం గారు అలవాటు కొద్దీ ఆయ్ అన్నారు.

"ఆ ఆయ్ నాకొద్దురా సూరీ" అంది మంగతాయారు. "అది నువ్వందరికీ చెప్పేదే. నీకు నాలుగుసార్లు ఓటేశాను. నన్నెప్పుడైనా ఏమన్నా అడిగేనా? ఈ ఒక్కసారి మా కోసం కాదని చెప్పు. నీకు నోరు తిరక్కపోతే వేలితో చెప్పు."

సూర్యచక్రం గారు తల ఊపారు. తల ఊపుతున్నది తనేనా, లోపలి గంగిరెద్దా అని ఆ రాత్రంతా సందేహపడ్డారు.

ఓటింగు రోజు వచ్చింది. గంట మోగింది. ఆయన వేలు తనంత తనే పచ్చ మీట మీదికి వెళ్లి కూర్చుంది. వెనక్కి లాగబోతే రాలేదు. సన్మానం పొందిన వేలాయె, పౌరుషం దానికీ ఉంటుంది. సూర్యచక్రం గారు కళ్లు మూసుకుని, భుజాన కూర్చోబెట్టుకుని నీళ్లలో నడిచిన అక్కని తలుచుకుని, మిగతా నాలుగు వేళ్లూ బల్లకి ఆనించి ఆ వేలిని అంగుళం అంగుళం ఎర్ర మీట మీదికి జరిపారు. గంట రెండోసారి మోగేదాకా నొక్కి పట్టారు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కళ్లు తెరిచి చూస్తే తెర మీద పార్టీ వరసలన్నీ పచ్చగా ఉన్నాయి. మధ్యలో ఒకే ఒక్క ఎర్రచుక్క. బిల్లు నెగ్గితే నెగ్గింది, కొమ్మరతిప్ప రేవు మాత్రం బతికింది. ఆయనకి ఛాతీ పట్టనంత ఆనందమైంది.

పక్క సీటాయన ఆ చుక్క వంక చూసి, ఈయన వంక చూసి, "అయ్యో, వేలు జారిందా చక్రం గారూ" అని ఓదార్చాడు. జారలేదండీ అన్నారీయన. మరీ మంచిది, జారినట్టు తెలియకపోతే బాధ ఉండదు అన్నాడాయన. అంతలో సవరణ చీటీ వచ్చింది. పొరపాటున మీట నొక్కినవాళ్లు మర్నాడు సాయంత్రంలోగా దాని మీద సంతకం పెడితే ఓటు సరిచేస్తారు. సూర్యచక్రం గారు దాన్ని ముట్టుకోలేదు. భీమేశ్వర్రావు బయట టీవీలో చూసి ముందు గుండె పట్టుకున్నాడు, తర్వాత వాళ్లావిడకి ఫోన్ చేసి మా ఎంపీ గారు కాదన్నారే అని చెప్పి గట్టిగా ఏడ్చాడు.

మర్నాడు అంగుళీ క్రమశిక్షణ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. తిడతారని, ఉరుముతారని సూర్యచక్రం గారు రాత్రంతా ధైర్యం కూడగట్టుకుని వెళ్లారు. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. కుర్చీ వేశారు, పళ్లరసం ఇచ్చారు, వేలు నొప్పిగా ఉందా అని అడిగారు. అదే ఆయనకి మనసుకి తగిలింది. ఎన్నాళ్లకో ఒక మంచిపని చేస్తే రోగిని చూసినట్టు చూస్తున్నారు.

"నేను కావాలనే నొక్కానండి" అన్నారు.

"బాధ అలాగే మాట్లాడిస్తుంది" అన్నారు ఆచార్యుల వారు. "ఇంతటి పచ్చటి చరిత్ర ఉన్న అంగుళి బుద్ధిపూర్వకంగా ఎరుపుని ఆశ్రయించడం శాస్త్రరీత్యా అసంభవం. పైగా మీ మేలు కోరి చెబుతున్నాను. కావాలని నొక్కినట్టైతే విప్ ధిక్కారం, మీ సభ్యత్వం పోతుంది. పొరపాటైతే మీకు ఫిజియోథెరపీ వస్తుంది."

సంఘం డాక్టర్ని పిలిపించింది. డాక్టరు వేలిని వంచాడు, సాగదీశాడు, సుత్తితో తట్టాడు. గోడమీద ఎర్రకాగితం, పచ్చకాగితం అంటించి ఏది ఏదో చెప్పమన్నాడు. సూర్యచక్రం గారు సరిగ్గానే చెప్పారు. కావాలనే నొక్కానని డాక్టరుకీ చెప్పారు. డాక్టరు విచారంగా తల ఆడించి, రోగి తన వేలితో ఏకీభవిస్తున్నాడనీ, జబ్బు ముదిరిందనడానికి ఇదే లక్షణమనీ రాశాడు. కింద ధ్రువపత్రం కూడా రాసి ముద్ర వేశాడు. సదరు సభ్యుని అవయవములు ముందస్తు సూచన లేకుండా పొరపాటునకు లోనగు స్వభావము గలవి, అట్టి పొరపాట్లకు సదరు సభ్యుడు బాధ్యుడు కాడు.

ఇక సంతకం మిగిలింది. పెట్టనన్నారు సూర్యచక్రం గారు. బతిమాలారు, పెట్టనన్నారు. వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు గుర్తుచేశారు, కాస్త తటపటాయించి, అయినా పెట్టనన్నారు. గోడ గడియారం కేసి చూసుకుంటూ ఆచార్యుల వారు చీటీ మరోసారి చదివారు. సంతకం గానీ వేలిముద్ర గానీ అని ఉంది. ఆయన ముఖం వెలిగింది. షెడ్డులోంచి ఆదర్శాంగుళి అచ్చు తెప్పించారు. అసలు వేలు అస్వస్థతలో ఉన్నందున ఆరోగ్యంగా ఉన్న వేలిని వినియోగించడమైనదని మినిట్స్‌లో రాయించి, అచ్చుని సిరాలో అద్ది చీటీ మీద నొక్కారు. కొబ్బరిపీచు మచ్చతో సహా ముద్ర ముచ్చటగా పడింది.

సభా కార్యాలయం నుంచి వచ్చిన అధికారి మర్యాదస్తుడు. చీటీ తీసుకుని, లాంఛనంగా ఒక్క ప్రశ్న వేశాడు. ఈ ముద్ర మీ వేలిదేనా అండి అన్నాడు.

సూర్యచక్రం గారు ఆ ముద్ర కేసి చూశారు. మచ్చ తనదే. గీతలు తనవే. వెనకాల భీమేశ్వర్రావు కాదనండి, కాదనండి అని గుసగుసగా మొరపెట్టుకుంటూనే ఉన్నాడు.

"ఆయ్" అన్నారు సూర్యచక్రం గారు.

అది అలవాటుతో వచ్చిందో, సభ్యత్వం పోతుందన్న భయంతో వచ్చిందో ఆయనకే తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఎర్రచుక్క పచ్చగా మారింది. అసమ్మతి లేదు గనక కొమ్మరతిప్పలో రేవు లేదు.

చట్టం అమల్లోకి వచ్చే ముందు రోజున, లేని రేవుల దగ్గర ఆ సంగతి తెలియజేసే బోర్డులు పాతాలని ఉత్తర్వులొచ్చాయి. బోర్డుని స్థానిక ఎంపీ ఆవిష్కరించాలి. కొమ్మరతిప్ప బోర్డు మీద పసుపు అక్షరాలతో "ఈ స్థలమందు రేవు లేదు" అని రాయించి తహసీల్దారు వసంతకుమార్ సిద్ధంగా ఉన్నాడు. బోర్డు లంక ఒడ్డున పాతాలి. లంకకి వెళ్లడానికి వేరే దారి లేదు. అందుచేత తహసీల్దారూ, ఎంపీ, భీమేశ్వర్రావూ, ఇద్దరు టీవీవాళ్లూ, బోర్డూ అందరూ పంటెక్కారు. తహసీల్దారు పద్ధతి గల మనిషి, ప్రయాణ భత్యం కాగితంలో ఏమని రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

తమ్ముడు వస్తున్నాడని తెలిసి మంగతాయారు ఎప్పట్లాగే పంటు మీద ఎదురొచ్చింది. ఆయన ఆవిడ పక్కన చెక్క మీద కూర్చున్నారు. ముఖం చెల్లలేదు. తిడుతుందేమోనని ఎదురుచూశారు. ఆవిడ తిట్టలేదు, చీర కొంగులోంచి తాటిబెల్లం ముక్క తీసి చేతిలో పెట్టింది.

"టీవీలో చూశాంరా. ఊరంతా చూశాం. ఎర్రదీపం వెలిగినప్పుడు మీ బావ చప్పట్లు కొట్టేడు" అంది. కొంగు మళ్లీ ముడేసుకుంటూ, "తర్వాత పచ్చైపోయిందట గదా" అంది.

ఆయన నోట ఆయ్ కూడా రాలేదు.

"పోనీలే. కోడలికి ఇయ్యాలో రేపో అన్నట్టుంది. ఇయ్యాలైతే పంటుంది. రేపైతే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు."

సూర్యచక్రం గారు బెల్లం ముక్క నోట్లో వేసుకోలేదు. తనలాంటి మనిషి ఏం చెయ్యగలడని చాలాసేపు ఆలోచించారు. సభలో కాదనలేడు, అన్నా నిలబెట్టుకోలేడు. తన మాట ఎవడూ నమ్మడు. తనని నమ్మి ఎవరైనా ఏదైనా రాసిపెట్టుకున్నారంటే అది ఒక్కటే, ఈ మనిషి పొరపాట్లు చేస్తాడని. దానికి డాక్టరు ముద్ర కూడా ఉంది. అక్కడికొచ్చేసరికి ఆలోచన ఆగిపోయింది. నెమ్మదిగా తహసీల్దారు వైపు తిరిగి, చట్టంలో ప్రమాదం సంగతి ఏముందో మరోసారి చెప్పమన్నారు. ఇవాళ సాయంత్రం లోపల ప్రమాదం నమోదైతే రేవు ఉన్నట్టుగానే భావించబడునండి, కానీ ఈ రేవులో అలాంటి సదుపాయం లేదండి అన్నాడు వసంతకుమార్.

సూర్యచక్రం గారు లేచారు. చేతిగడియారం విప్పి భీమేశ్వర్రావుకిచ్చారు. కళ్లజోడు ఇచ్చారు. ఫోను ఇచ్చారు. కండువా మడతపెట్టి అక్క ఒళ్లో పెట్టారు. చెప్పులు విడిచి పక్కపక్కన సర్దారు. పంచె ఎగ్గట్టుకుని అంచు దాకా నడిచారు. ఒడ్డు దగ్గరపడుతోంది, అక్కడ నీళ్లు ఛాతీ లోతే ఉంటాయని చిన్నప్పటి లెక్క.

"ఎంపీ గారండి, అంచున నిలబడకండి" అని సరంగు కేకేశాడు.

అప్పుడు ఎంపీ గారి కాలు జారింది.

చిన్నప్పటి లెక్క తప్పింది. ఇసుక తవ్వేసి గొయ్యి చేశారు, ఆ ఇసుక కాంట్రాక్టు సిఫారసు చేసింది కూడా తనేనని మునిగాక ఆయనకి గుర్తొచ్చింది. రెండు గుక్కలు మింగారు. పల్లయ్య దూకి, జుట్టు దొరక్క చొక్కా కాలరు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు. ఆ గలాభాలో పంటు ఒరిగి, ఆసరాగా నిలబెట్టిన బోర్డు కూడా నీళ్లలో పడింది. ఈ స్థలమందు రేవు లేదు అన్న అక్షరాలు కనబడుతూ సముద్రం వైపు వెళ్లిపోయింది. టీవీవాళ్లు అంతా తీశారు.

తహసీల్దారు కాగితం తీశాడు. ఎంపీ మునిగితే రాయకుండా ఉండే అధికారం తనకి లేదు. ఏమని రాయాలన్నదే చిక్కు. చెప్పులు సర్దడం ఊరంతా చూసింది. కండువా మడతపెట్టడం కెమెరాలో ఉంది.

"తమరు జారారా అండి, దూకారా అండి?" అన్నాడు ప్రాధేయపడుతున్నట్టుగా. "దూకినట్టైతే అది పోలీసు శాఖకి వెళ్తుందండి. జారినట్టైతే మా పరిధిలోకి వస్తుందండి."

భీమేశ్వర్రావు ఆలస్యం చెయ్యలేదు. ఫైలులోంచి అంగుళీ సంఘం ధ్రువపత్రం తీసి తహసీల్దారు కళ్లముందు పట్టాడు. సదరు సభ్యుని అవయవములు ముందస్తు సూచన లేకుండా పొరపాటునకు లోనగు స్వభావము గలవి. వేలు ఒక్కటే అని అందులో ఎక్కడా లేదు. వసంతకుమార్ రెండుసార్లు చదివాడు. ఢిల్లీ ముద్ర చూశాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, కొమ్మరతిప్ప రేవునందు పంటు ప్రమాదము అని తాటికాయంత అక్షరాలతో శీర్షిక పెట్టాడు. ఆ ఊరి రేవు పేరు సర్కారు కాగితం మీదికెక్కడం అదే మొదటిసారి.

ఢిల్లీలో ఆచార్యుల వారు ఆ సాయంత్రమే సానుభూతి తెలిపి, పాద క్రమశిక్షణకి ఉపసంఘం వేశారు. వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు రాదని సూర్యచక్రం గారికి ఆ ఒడ్డు మీదే అర్థమైపోయింది. నాలుగు దఫాల రాజకీయ జీవితాన్ని చూసుకుంటే, సభలో ఒక్క కాదు కూడా మిగల్లేదు, ఏట్లో ఒక్క పొరపాటు మాత్రం మిగిలింది. అదైనా రికార్డయింది, అంతే చాలనుకున్నారు.

కానీ అదంతా తర్వాతి మాట. అప్పటికి ఆయన ఒడ్డున కూలబడి, చలికి పళ్లు టకటకలాడిస్తున్నారు. మంగతాయారు మడతపెట్టిన కండువా విప్పి తమ్ముడి తల తుడుస్తోంది. తహసీల్దారు చివరి గడి దగ్గర ఆగి, కలం ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది కేవలం పొరపాటున జరిగిందేనాండి?"

సూర్యచక్రం గారు తల ఊపబోయి ఆపుకున్నారు. అవతల పంటు కేసి చూశారు. అక్క ముఖం కేసి చూశారు. ప్రశ్న పూర్తిగా విని, అర్థం చేసుకుని, ఆలోచించుకుని, అప్పుడు నోరు తెరిచారు.

"ఆయ్."

మంగతాయారు తల తుడవడం ఆపి, ఆ తడి తలని తన కడుపుకి అదుముకుంది.

"ఇదిరా" అంది. "ఈ ఆయ్ నాది."